నొప్పెడుతున్న చేతులతో రాయడం: కలం, కీబోర్డు, గొంతు, లేఖకుడు... ఎప్పుడు ఏది?

రాత్రి పడుకున్నాక, రాస్తున్న కథలో తర్వాతి నాలుగు వాక్యాలు తట్టాయి. లేచి రాసుకుందామంటే కుడి మణికట్టుకు పట్టీ ఉంది. విప్పితే మళ్లీ బిగించడానికి ఎడమచేతి వేళ్లకు సత్తువ చాలదు. పక్కనున్న ఫోనుకు ఆ నాలుగు వాక్యాలూ మెల్లగా చెప్పి కళ్లు మూసుకున్నాను. పొద్దున చూస్తే మూడు వాక్యాలు చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. నాలుగోదానిలో "తలుపు" కాస్తా "తలపు" అయింది. వేళ్లు కొంచెం వదులయ్యాక కీబోర్డు మీద దాన్ని దిద్దాను. మధ్యాహ్నం అచ్చు తీసిన కాగితం మీద కలంతో రెండు మాటలు కొట్టేశాను. నాలుగు వాక్యాలకు మూడు పనిముట్లు. కీళ్లవాతం వచ్చిన తొమ్మిదేళ్లకు నా రాత ఈ తీరున సర్దుకుంది.

చేతుల నొప్పి మొదలైన రచయితలు నన్ను తరచూ అడిగేది ఒకటే: దేనికి మారితే మంచిది? మొదట్లో నేనూ అలాగే వెతికాను. కలం వదిలి కీబోర్డుకు, కీబోర్డు వదిలి ఫోనుకు, ఫోను మీద కొట్టడం వదిలి గొంతుకు మారాను. మారిన ప్రతిసారీ రెండు నెలలు హాయిగా గడిచేవి. మూడో నెలలో కొత్త చోట నొప్పి మొదలయ్యేది. అందుకే ఈ పోలికలో ఏ ఒక్కదానికీ పట్టం కట్టడం లేదు. నొప్పి ఉన్న చోటు, రాసే రాత రకం, ఆ పూట ఒంట్లో ఉన్న ఓపిక, ఈ మూడూ చూసుకుని పనిముట్టును తీసుకోవాలన్నది నా మాట. తీసుకున్నది సరైనదో కాదో రాస్తున్నప్పుడు తెలియదు. మర్నాడు పొద్దున చేతులే చెబుతాయి.

ముందు నొప్పి ఎక్కడుందో చూడండి

"చేతులు లాగుతున్నాయి" అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు బాధలు ఉంటాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలోంచి లేపి, చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతూ ఉంటే మణికట్టు లోపల మీడియన్ నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. డాక్టర్లు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఇందులో చిటికెనవేలు సాధారణంగా బాగానే ఉంటుంది. అలా కాకుండా చిటికెనవేలూ, దాని పక్కనున్న ఉంగరపు వేలి సగమూ మొద్దుబారుతుంటే అనుమానించవలసింది మోచేతిని. మోచేతి లోపలి అంచున ఎముకను ఆనుకుని అల్నార్ నరం వెళుతుంది. మోచేయి బల్ల అంచుకు ఆనించి కూర్చున్నా, ఫోను ముఖం దగ్గర పట్టుకుని మోచేయి బాగా మడిచి గంటల తరబడి ఉన్నా ఆ నరం నలుగుతుంది.

మోచేతి బయటి వైపు పోటు ఉండి, బరువైన గిన్నె ఎత్తినప్పుడు ఎక్కువైతే, అది మణికట్టును పైకి లేపే కండరాలు ఎముకకు అతుక్కునే చోటి బాధ. టెన్నిస్ ఎల్బో అనే పేరున్నా ఎన్నడూ టెన్నిస్ ఆడనివాళ్లకే ఎక్కువగా వస్తుంది. మౌసు మీద చెయ్యి గాలిలో నిలిపి ఉంచేవాళ్లకు ఇది బాగా తెలుసు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, గిన్నె మూత తిప్పినప్పుడు చురుక్కుమంటే అది బొటనవేలిని కదిపే తాళ్ల (టెండన్ల) వాపు కావచ్చు. ఫోను మీద బొటనవేళ్లతో కొట్టేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

రెండు చేతుల కీళ్లూ ఒకేలా వాచి, పొద్దున లేచాక గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటే అది చేతుల అలసట కాదు, ఒంటి మొత్తానికి వచ్చిన జబ్బు కావచ్చు. నా విషయంలో జరిగింది ఇదే. ఏడాదిపాటు తప్పంతా కీబోర్డుదే అనుకుని కీబోర్డులు మార్చాను. ఆ ఏడాది ముందే రక్తపరీక్ష చేయించుకుని ఉంటే రెండు వేళ్లు ఇంత వంగేవి కావేమో. అందుకే గట్టిగా చెబుతున్నాను. ఏ పనిముట్టు కొనడానికి ముందైనా డాక్టరుకు చూపించుకోండి. కార్పల్ టన్నెల్ వెనక ఒక్కోసారి థైరాయిడ్ లోపమో మధుమేహమో ఉంటుంది. దాన్ని ఏ కుర్చీ బాగుచేయలేదు. తిమ్మిరి పగలంతా వదలకుండా ఉన్నా, చేతిలోని వస్తువులు జారిపడుతున్నా, బొటనవేలి కింద కండ పలచబడుతున్నా వాయిదా వేయకండి. నరం దెబ్బతింటే తిరిగి కోలుకోవడం కష్టం. ఎడమచేతికి నొప్పి పాకుతూ ఛాతీ బిగుతు, చెమట, ఆయాసం ఉంటే అది రాత వల్ల వచ్చింది కాదు. వెంటనే అత్యవసర చికిత్సకు వెళ్లాలి.

చెయ్యి మార్చిన గుమాస్తా

వృత్తుల వల్ల వచ్చే జబ్బుల గురించి 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో రాతగాళ్ల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: ఎప్పుడూ కూర్చునే ఉండడం, చెయ్యి ఒకే తీరున ఆగకుండా కదలడం, తప్పు దొర్లకూడదన్న మనసు ఒత్తిడి. తనకు తెలిసిన ఒక దస్తావేజుల లేఖరి సంగతి కూడా రాశాడు. రాసి రాసి అతని కుడిచెయ్యి మొదట అలసిపోయింది, చివరికి పూర్తిగా పడిపోయింది. అతను పట్టుబట్టి ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొంతకాలానికి ఆ చేతికీ అదే బాధ వచ్చింది.

మూడు వందల ఏళ్ల కిందటి ఆ మనిషి నాకు తరచూ గుర్తొస్తాడు. అతను కుడి నుంచి ఎడమకు మారాడే గాని రాసే గంటలు తగ్గించుకున్నట్టు లేదు. నేను కీబోర్డు నుంచి ఫోనుకు మారినప్పుడు చేసిందీ అదే. కింద చెప్పే ఏ దారి పట్టినా మొత్తం బరువు దాని మీదే మోపితే ఇదే జరుగుతుంది.

గొంతుతో రాయడం

చేతులకు పూర్తి విశ్రాంతి ఇస్తూ, మరొకరి సాయం లేకుండా రాయగల దారి ఇదొక్కటే. గూగుల్ ఫోను కీబోర్డులో తెలుగు మాటను రాతగా మార్చే సదుపాయం 2017లో వచ్చింది. నేను రోజూ వాడేది అదే. నలుగురూ మాట్లాడుకునే మామూలు వాక్యాలను బాగా పట్టుకుంటుంది. ఉత్తరాలు, వ్యాసాల మొదటి ప్రతి, రేపు ఏం రాయాలో గుర్తుపెట్టుకోవడానికి చెప్పుకునే మాటలు, వీటికి దీన్ని మించింది లేదు.

ఇబ్బందులు కథ దగ్గర మొదలవుతాయి. పాత్రల పేర్లు, అరుదైన మాటలు, పొడుగాటి సమాసాలు వచ్చేసరికి తనకు తెలిసిన మాటల్లోకి విరిచేస్తుంది. ఒక పాత్ర యాసలో మాట్లాడితే దాన్ని దిద్ది మామూలు భాషలో పెడుతుంది. కామాలు, కొటేషన్ గుర్తులు చాలావరకు మనమే పెట్టుకోవాలి. అందువల్ల సంభాషణ నిండిన పేజీని గొంతుతో రాస్తే, దిద్దడానికి వేళ్లు పడే శ్రమ నేరుగా కొట్టినదానికంటే ఎక్కువవుతుంది. ఇది లెక్క చూసుకున్నాకే నేను నమ్మాను.

నాకు బాగా ఉపయోగపడిన అలవాటు ఒకటుంది. చెప్పేటప్పుడు ఫోను తెర చూడను, బోర్లా పెడతాను. చూస్తే తప్పు కనిపిస్తుంది, కనిపిస్తే వేలు దాని మీదకే పోతుంది. వాక్యం మొత్తం మనసులో ఒకసారి అనుకుని, ఆగకుండా చెప్పి, ఊపిరి తీసుకుని తర్వాతి వాక్యానికి వెళతాను. దిద్దడం ఆ సాయంత్రమే చేయాలి. రెండు రోజులు ఆగితే "అలా కూర్చున్న అండ" అన్నది అసలు "ఎండ"నో "అండ"నో నాకే గుర్తుండదు.

మాటను రాతగా మార్చకుండా ఉత్త ధ్వనిగా నమోదు చేసుకోవడం మరో దారి. దీనిలో విరుపు, నిదానం, వెతుక్కున్న మాట, అన్నీ నిలిచి ఉంటాయి. కవిత రాసేవాళ్లకు నేను ఇదే మేలంటాను. కాకపోతే ఎవరో ఒకరు తర్వాత విని కొట్టాలి. ఆ ఎవరో లేకపోతే బరువు వాయిదా పడిందే గాని తగ్గలేదు.

గొంతు వాక్యాన్ని మారుస్తుందని కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో పుట్టిన ఇంగ్లీషు నవలాకారుడు హెన్రీ జేమ్స్ మణికట్టు నొప్పి వల్ల 1897 నుంచి టైపిస్టుకు చెప్పి రాయించడం మొదలుపెట్టాడు. ఆయన చివరి దశ నవలల్లో వాక్యాలు సాగి సాగి మెలికలు తిరగడానికి ఈ అలవాటు ఒక కారణమని చాలామంది విమర్శకులు అంటారు. నా వాక్యాలూ గొంతుతో రాసినప్పుడు పొడుగవుతాయి. "మరి", "అయితే", "అంటే" వరసకట్టి వస్తాయి. వ్యాసానికి ఆ మాటతీరు ఒక చనువునిస్తుంది. కథలో వర్ణన మాత్రం పలచబడుతుంది. అందుకే వ్యాసాలు చెప్పి రాస్తాను, కథలు చెప్పి రాసినా రెండో ప్రతి కచ్చితంగా చేతితోనే.

ఇంట్లో పక్క గదిలో మనిషి ఉంటే కొన్ని మాటలు నోటికి రావు. మా అమ్మ గురించి ఒక కథ రాస్తూ, ఆవిడ పక్క గదిలో బట్టలు మడతపెడుతుంటే ఒక్క వాక్యం కూడా పైకి చెప్పలేకపోయాను. ఆ కథ మొత్తం వేళ్లతోనే రాశాను, రోజుకు ఐదారు వాక్యాల చొప్పున.

చివరగా గొంతు కూడా ఒంట్లో భాగమే. ఇరవై నిమిషాలు చెప్పి, నీళ్లు తాగి, పది నిమిషాలు మౌనంగా ఉంటాను. స్వరం మామూలు మాటల స్థాయిలోనే ఉండాలి, యంత్రానికి అర్థం కావాలని గట్టిగా పలకకూడదు. జబ్బు వల్లగానీ మందుల వల్లగానీ నోరు ఎండిపోతూ ఉండేవాళ్లకు, దగ్గు ఉన్నవాళ్లకు ఇది సరైన దారి కాదు.

కీబోర్డు

వాక్యాన్ని చెక్కడానికి కీబోర్డే ఇంకా అన్నిటికంటే మంచిది. మాట అటూ ఇటూ జరపవచ్చు, తప్పు వెంటనే కనబడుతుంది. ఇక్కడ ఎంచుకోవలసినవి రెండు: ఏ అమరిక, ఏ కీబోర్డు.

అమరిక సంగతి వేళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కువగా ఆలోచించరు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలో "కమలం" రాయాలంటే ఏడు మీటలు నొక్కాలి. తెలుగు అక్షరాలకే నేరుగా మీటలుండే ఇన్‌స్క్రిప్టు అమరికలో నాలుగే. ప్రతి హల్లులోనూ "అ" ముందే కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని వేరే కొట్టనక్కర్లేదు. అదే "స్త్రీ" అయితే ఇన్‌స్క్రిప్టులో ఆరు మీటలు, ఇంగ్లీషు అక్షరాలతో నాలుగైదు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా పొల్లు మీట నొక్కాలి మరి. "రాస్తున్నాను" దగ్గర, దీర్ఘాలను రెండేసి అక్షరాలుగా కొడితే, రెండు పద్ధతులూ పన్నెండు మీటల దగ్గర సమానమవుతాయి.

అంటే ఒత్తులు తక్కువగా ఉండే అచ్చతెలుగు వాక్యంలో ఇన్‌స్క్రిప్టు వేళ్లకు శ్రమ తగ్గిస్తుంది, సంయుక్తాక్షరాలు నిండిన సంస్కృత పదాల దగ్గర ఆ లాభం కరిగిపోతుంది. ఇంకో తేడా ఉంది. ఇన్‌స్క్రిప్టులో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి కాబట్టి బరువు పంచుకున్నట్టవుతుంది. కొత్తగా నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ చికాకుపడ్డాను. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు ఆ పని పెట్టుకోకండి. కాస్త నెమ్మదించాక రోజుకు పది నిమిషాల చొప్పున నేర్చుకోండి. ఇప్పటికే ఒక పద్ధతి వేళ్లకు పట్టేసి, రోజుకు ఒక పేజీకి మించి కొట్టనివాళ్లకు మార్పు అవసరం లేదు.

ఇక వస్తువు. లాప్‌టాప్‌లో తెరా మీటలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెరను కళ్ల ఎత్తుకు లేపితే చేతులు పైకి లేస్తాయి, చేతులకు వీలుగా దించితే మెడ వంగుతుంది. విడి కీబోర్డు ఒకటి తగిలించి, లాప్‌టాప్‌ను నాలుగు లావాటి పుస్తకాల మీద పెడితే ఈ చిక్కు సగం తీరుతుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా, ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లను చాలామంది తెరిచి పెడతారు. అవి మణికట్టును వెనక్కి వంచుతాయి. మూసేయండి.

రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డు భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్లకు, మణికట్లు బయటికి వంగుతున్నవాళ్లకు నిజంగా మేలు చేస్తుంది. వేళ్ల కీళ్లు వాచినవాళ్లకు దానివల్ల పెద్ద తేడా ఉండదు. వాళ్లు మెత్తగా దిగే మీటలు చూసుకోవాలి. చాలామంది చేతినొప్పికి అసలు కారణం కీబోర్డు కూడా కాదు, మౌసు. కీబోర్డు కుడివైపున అంకెల మీటలు ఉండడం వల్ల మౌసు ఒక జానెడు దూరం జరిగి, చెయ్యి రోజంతా చాచినట్టే ఉండిపోతుంది. అంకెల మీటలు లేని చిన్న కీబోర్డుకు మారాక నా కుడి భుజం మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. కరచాలనం చేస్తున్నట్టు నిలువుగా పట్టుకునే మౌసు ముంజేయి మెలిపడకుండా చూస్తుంది. మౌసుకు బదులు ఒక బంతిని తిప్పే ట్రాక్‌బాల్‌లో చెయ్యి కదలదు, కానీ కొన్ని రకాలలో భారమంతా బొటనవేలిదే. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లు వాటి జోలికి పోవద్దు.

కలం

కలం గురించి తక్కువ చెబుతాను. దాని మీద ప్రేమ ఎక్కువ కావడం వల్ల న్యాయంగా తూచలేనేమోనని. వేళ్లు నొక్కిపట్టే బలమే ఇక్కడ అసలు సమస్య. బాల్‌పాయింట్ పెన్నును కాగితం మీద అదిమితేగాని రాయదు. సిరా పెన్ను, జెల్ పెన్ను దాదాపు దాని బరువుకే రాస్తాయి. పిడికి మెత్తటి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు ఇంకా సడలుతుంది. అక్షరం పెద్దదిగా రాస్తే కదలిక వేళ్ల నుంచి మోచేతికీ భుజానికీ పాకి పంచుకుంటుంది. తెలుగులో తలకట్టుకూ ఒత్తుకూ కలం ఎత్తి ఎత్తి పెట్టాలి. నొప్పి ఉన్న రోజుల్లో మొదటి ప్రతిలో నేను తలకట్లు వదిలేస్తాను. పాత నోటుపుస్తకాలు తిరగేస్తే ఏ పేజీ ఎలాంటి రోజున రాసిందో ఆ బోడి అక్షరాలే చెబుతాయి.

మౌసు వల్ల మోచేయి నొప్పెడుతున్నవాళ్లకు రోజుకు అరగంట కలం మంచి విరామం. బొటనవేలి బాధ, వేళ్ల కీళ్ల వాపు ఉన్నవాళ్లు దిద్దుబాట్లకు మాత్రం దాన్ని వాడుకుంటే చాలు.

ఫోను మీద వేళ్లతో

పడుకుని ఉన్నప్పుడు చేతికి అందేది ఇదే కాబట్టి అందరూ ఇక్కడికే వస్తారు. నాలుగు వాక్యాలకైతే పరవాలేదు. అంతకు మించితే బొటనవేళ్లూ మెడా మోచేతి నరమూ మూడూ పాడవుతాయి. తప్పనప్పుడు ఫోనును దిండు మీద ఆనించి, చూపుడువేలితో కొట్టండి.

మనిషికి చెప్పి రాయించడం

మనకు తెలిసిన మొదటి లేఖకుడు వినాయకుడే. చెప్పడం మధ్యలో ఆపితే రాయనని ఆయన షరతు, అర్థం చేసుకోకుండా రాయకూడదని వ్యాసుడి షరతు. ఒకరికి చెప్పి రాయించవలసి వచ్చేదాకా ఆ రెండో షరతు విలువ నాకు తెలియలేదు.

గత ఏడాది జ్వరమూ కీళ్ల వాపూ కలిసి వచ్చిన నెలన్నరలో మా మేనకోడలు ఆదివారాలు వచ్చి రాసిపెట్టేది. ఒకసారి ఒక పేరా చెబుతుంటే కలం ఆపి, "అత్తా, కిటికీ దగ్గర నిలబడింది ఎవరు? రెండు వాక్యాల ముందు ఆయన మంచం మీద ఉన్నాడు కదా" అని అడిగింది. నేను చెప్పిన కథలో మనిషి లేవకుండానే కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఏ యంత్రమూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. యంత్రం రాస్తుంది, మనిషి చదువుతూ రాస్తుంది.

కష్టమూ ఉంది. నేను మాట కోసం వెతుక్కుంటుంటే ఆ పిల్ల ప్రేమకొద్దీ మాట అందించేది. ఆ మాట బాగుంటే నాది కాదన్న బాధ, బాగాలేకపోతే వద్దని చెప్పాలన్న మొహమాటం. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను చెయ్యి గుండెల మీద పెట్టుకుంటే వెతుకుతున్నట్టు, అప్పుడు మౌనంగా ఉండాలి. దించితే ప్రశ్నలు అడగవచ్చు. గంటకు మించి కూర్చోకూడదు. ఇంటి మనిషైనా సరే, ఆ గంటకు ఏదో ఒక రూపంలో ప్రతిఫలం ఇవ్వాలి. ఊరికే చేయించుకుంటే మూడో వారానికి మనకే అడగడానికి నోరు రాదు. బయటివాళ్లను పెట్టుకుంటే, విన్నది ఎక్కడా చెప్పకూడదన్న మాట మొదటి రోజే అనుకోవాలి.

గొంతు యంత్రమా, మనిషా అని అడిగితే, నవల, కథ, ఆత్మకథ వంటి పెద్ద పనికి, వారానికి రెండు మూడు గంటలైనా దొరికితే, మనిషికే నా ఓటు. రోజువారీ రాతకు యంత్రం. తన గురించి ఎవరికీ చెప్పలేని సంగతి రాసేవాళ్లకు ఈ రెండూ కాదు, ఎంత నెమ్మదైనా తమ వేళ్లే.

ఏ పూట, ఎంతసేపు

చేతులు బాగున్నా ఒళ్లు సహకరించని రోజులు ఉంటాయి. దీర్ఘకాలపు జబ్బుతో రాసేవాళ్లకు పనిముట్టు కంటే వేళే పెద్ద ఎంపిక. నాకు పొద్దున రెండు గంటలు చేతులు పనికిరావు, తల మాత్రం తేటగా ఉంటుంది. ఆ వేళ గొంతుది. గోరువెచ్చటి నీళ్లలో చేతులు నానబెట్టుకుని, మందు పనిచేయడం మొదలయ్యాక, పదకొండు నుంచి ఒంటిగంట దాకా కీబోర్డుది. మధ్యాహ్నం అలసట కమ్ముకుంటుంది. అప్పుడు చదవడం, కలంతో దిద్దడం. సాయంత్రం తర్వాత రాయను. మీ రోజు దీనికి తలకిందులుగా ఉండవచ్చు. వారం రోజులు గంట గంటకూ చేతులెలా ఉన్నాయో, తలెలా ఉందో సున్నా నుంచి ఐదు దాకా అంకె వేసుకుంటే మీ పటం మీకే కనిపిస్తుంది.

ఒకే ఊపున రాయాలా, ముక్కలుగానా అన్నది నేను అందరికంటే ఎక్కువగా తప్పు చేసిన చోటు. మంచి రోజు వచ్చిందని ఐదు గంటలు రాసేవాళ్లను ఎవరూ ఆపలేరు. తర్వాతి మూడు రోజులు దిండు మీద చెయ్యి పెట్టుకుని పడుకోవడమే. ఇప్పుడు ఇరవై నిమిషాలకు గంట మోగేలా పెట్టుకుంటాను. మోగగానే వాక్యం సగంలో ఉన్నా ఆపి లేస్తాను. సగం వాక్యమే తిరిగి వచ్చేసరికి దారి చూపిస్తుంది. మంచి రోజున ఎంత రాయగలననిపిస్తుందో అందులో సగం దగ్గర ఆగుతాను. నొప్పిమాత్ర వేసుకున్న పూట ఈ నియమం మరీ ముఖ్యం. నొప్పి తెలియదు కాబట్టి గడియారమే హద్దు.

మంచం మీద రాయవలసి వస్తే వెనక్కి ఆనుకుని, రెండు మోచేతుల కిందా దిండ్లు పెట్టుకోవడం, పక్కకు తిరిగి మోచేతి మీద లేవడం కంటే ఎన్నో రెట్లు నయం. బిగుసుకున్న కీలుకు వెచ్చదనం, వాచి వేడిగా ఉన్న కీలుకు గుడ్డలో చుట్టిన చల్లదనం. మణికట్టు పట్టీ రాత్రిపూట మేలు చేస్తుంది. పగలు దాన్ని కట్టుకుని కీబోర్డు కొడితే భారం భుజానికి ఎక్కుతుంది కాబట్టి ఫిజియోథెరపిస్టును అడిగాకే.

దేనితో మొదలుపెట్టాలో తోచనివాళ్లకు నా వరస ఇది. మొదటి వారం ఏమీ కొనకండి. కుర్చీ ఎత్తు, కీబోర్డు కాళ్లు, మౌసు దూరం సరిచేసి, ఇరవై నిమిషాల గంట పెట్టుకోండి. రెండో వారం మొదటి ప్రతులన్నీ ఫోనుకు చెప్పి చూడండి. ప్రతి పొద్దునా ఒక పని పెట్టుకోండి. లేచిన వెంటనే పిడికిలి పూర్తిగా ముడుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అది తగ్గుతూ వస్తుంటే దారి సరైనదే. మూడో వారానికీ తగ్గకపోతే విడి కీబోర్డు, నిలువు మౌసు ఎవరినైనా అడిగి తెచ్చుకుని వాడి చూశాకే కొనండి.

ఒక ఎంపిక మిగిలింది, గడువు గురించి. నొప్పి ఉందని సంపాదకుడికి ముందే చెప్పాలా, దాచి ఎలాగో పూర్తి చేయాలా? నేను ఏళ్ల తరబడి దాచాను. గడువు రోజున రాత్రంతా రాసి పంపి, వారం మంచం పట్టేదాన్ని. ఇప్పుడు పని ఒప్పుకునే రోజే ఒక చిన్న ఉత్తరం పెడతాను, చాలావరకు అదీ ఫోనుకు చెప్పే: "నాకు కీళ్లవాతం ఉంది. మామూలుగా వారంలో ఇవ్వగలిగింది నేను రెండు వారాల్లో ఇస్తాను. మొదటి వారం చివర్లో ఎంతవరకు వచ్చిందో తెలియజేస్తాను. ఆలస్యమయ్యేలా ఉంటే మూడు రోజుల ముందే చెబుతాను." ఇద్దరు మళ్లీ పని ఇవ్వలేదు. మిగతావాళ్లంతా "అలాగే" అన్నారు.